ఇంటి ముంగిట: పడినవారు లేచెడి ఆట


ప్రతిమాసమును ఈ పుటలో వంటయింటి సంగతులనో, బిడ్డల పెంపకమునో, పురాణకథలనో ముచ్చటించు నేను ఈ మాసమున కబడ్డీని గూర్చి వ్రాయబూనుట చూచి మీలో కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొందురేమో! "పంతులుగారి భార్య, భారతము చదువుకొన్నది, ఈమెకు మగవారి పట్లతో నేమి పని?" అనువారును ఉందురు. ఆ మాట మా ఇంటిలోనే మా అత్తమ్మ అన్నది గనుక ఇతరులు అన్నచో నాకు క్రొత్తగా నొప్పి కలుగదు. 2025వ సంవత్సరము ఆగస్టు 29 మొదలు అక్టోబరు 31 వఱకు జరిగిన ప్రో కబడ్డీ పోటీలను మా ఇంటిల్లిపాదియు టీవీలో చూచితిమి. ఆ రెండు నెలలలోనే మా ఇంట ఒక తగవు పుట్టి పెరిగినది. ఆటను గూర్చిన నా అభిప్రాయములును, ఆ తగవును విడదీయరానివై యున్నవి గనుక రెండింటిని కలిపియే చెప్పెదను.

మా కాపురము దిల్‌సుఖ్‌నగర్‌కును ఎల్.బి. నగర్‌కును నడుమ, చైతన్యపురిలో. మా వారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. మా అమ్మాయికి 13 ఏండ్లు. బడిలో బాలికల కబడ్డీ జట్టున చేరి రెండేండ్లయినది. ఆ ఆగస్టు మొదట బడిమైదానమున ఆడుచు జారిపడి చీలమండ బెణికించుకొని వచ్చినది. ఎముకల వైద్యుడు ఎక్స్‌రే తీయించి, ఎముక విరుగలేదనియు, 6 వారములు విశ్రాంతి చాలుననియు చెప్పెను. ఆరు వారములు గడచినవి. కాలు చక్కబడినది. పిల్ల మేడమెట్లు రెండేసి దాటుచు దిగుచున్నది. కాని ఆటకు పంపుట మాత్రము మేము మానివేసితిమి. "ఈడు వచ్చుచున్న పిల్ల. ఇక చాలును" అని అత్తమ్మ అన్నది. ఆమె అన్నదని చెప్పి నేను తప్పించుకొనరాదు. నేనును అంటిని. మా వారు వార్తాపత్రిక మడిచి ఊరకుండిరి.

కబడ్డీ యనగా వేఱేదో కాదు. మన పల్లెలలో వెన్నెలరాత్రులందు పిల్లలు గీట్లు గీసికొని ఆడు చెడుగుడే. ఒక్కొక్క పక్షమున ఏడుగురు. ఒకడు కూతకూయుచు ఎదుటివారి బరిలో జొచ్చి, తాకగలిగినంతమందిని తాకి, ఊపిరి విడువక నడిమిగీటు దాటి రావలెను. ఇప్పటి నియమములలో ఒక్కొక్క కూతకు 30 క్షణములే గడువు. వరుసగా రెండు కూతలు వట్టిపోయినచో మూడవ కూతలో ఏదేని సాధించితీరవలెను, లేనిచో ఆ వెళ్ళినవాడు వెలికి పోవలెను. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. స్త్రీల బరి కొంచెము చిన్నది.

ఈ నియమములన్నింటిలో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి. తాకబడినవాడును, పట్టుబడినవాడును ఆట ముగియువఱకు వెలియై పోడు. గీటుకు ఆవల కూర్చుండును. తన పక్షమువాడు ఎదుటివారిలో నొకనిని వెలికి పంపినంతనే, ముందు పోయినవాడు ముందుగా లోనికి వచ్చును. మన పిల్లలు దీనినే "చచ్చితిని, బ్రతికితిని" అందురు. క్రికెట్టులో అవుటైనవాడు ఆ పూటకు అవుటే. ఇందులో అట్లు గాదు. పడినవానిని తోడివారు లేపుదురు.

మా ఇంటికి ఈ ముచ్చట 2024లో దగ్గఱయైనది. ఆ సంవత్సరము అక్టోబరు 18వ తేదిన పదునొకండవ ఋతువు మన గచ్చిబౌలిలోనే మొదలయ్యెను. మేము ముగ్గురమును దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రోరైలెక్కి, అమీర్‌పేటలో మాఱి, రాయదుర్గమున దిగి, అక్కడనుండి ఆటోలో స్టేడియమునకు పోయితిమి. నగరమునకు తూర్పు కొననుండి పడమటి కొనకు ప్రయాణము! ఆనాడు తెలుగు టైటాన్స్ జట్టు బెంగళూరు జట్టును 37-29గా ఓడించినది. టీవీలో వినబడని ధ్వని యొకటి అక్కడ వినబడినది. అది నేలపై దేహములు పడు చప్పుడు. నాకు గుండె ఝల్లుమన్నది. మా అమ్మాయి మాత్రము కన్నార్పక చూచుచుండెను.

ఈ జట్టును అభిమానించుట సుఖమైన పని కాదు సుమా! లీగు పుట్టిన 2014లోనే ఇదియు పుట్టినది. 2015లో మూడవ స్థానము, 2016లో నాల్గవ స్థానము పొందినది. రాహుల్ చౌదరి కూతకు పోయిన దినములవి. అటుపిమ్మట క్షీణదశ ప్రారంభమైనది. 2021 డిసెంబరున మొదలై ప్రేక్షకులు లేకయే బెంగళూరులో జరిగిన ఋతువున 22 ఆటలలో ఒక్కటే గెలుపు. 2022 ఋతువున 22లో రెండు. 2023-24 ఋతువున 22లో మరల రెండు. కలిపి చూడగా 66 ఆటలలో 5 గెలుపులు! మూడు ఋతువులందును చిట్టచివరి స్థానమే. పక్కింటి పిల్లవాడు మా గుమ్మము ముందు నిలిచి "పిన్నీ, నిన్న మీవారు ఎంత తేడాతో ఓడిపోయిరి?" అని అడుగుచుండెడివాడు. గెలిచితిరా యని అడుగుట ఎప్పుడో మానివేసెను.

ఈ ఓటములలో నాకు విచారణీయముగా తోచినది కడపటిది. 2023లో జరిగిన వేలమున ఈ జట్టువారు పవన్ సెహ్రావత్ అను మేటి ఆటగానిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తెచ్చుకొనిరి. అప్పటికి ఆ లీగులో ఏ ఆటగానికిని అంత వెల పలుకలేదు. అతడు తన పని తాను చేసెను. ఆ ఋతువున కూతలలోనే 200కు పైగా పాయింట్లు తెచ్చెను. అయినను జట్టు గెలిచినవి రెండే ఆటలు. అతనిలో లోపము లేదు. అతడు పట్టుబడి వెలిని కూర్చున్న సమయమున అతనిని బ్రతికించువారు కరవైరి. అతడు కూర్చుండిన ప్రతిక్షణమును జట్టంతయు కూర్చుండినట్లే యుండెను.

చిన్ననాట మా తాతగారు నాచేత తిక్కనగారి ద్రోణపర్వము చదివించుచు, అభిమన్యుని కథకడ పుస్తకము మూయించి ఒక ప్రశ్న వేసెడివారు. "బాలుడు ఏల చచ్చెను?" అని. వ్యూహమునుండి వెలువడు విధము తెలియక యని నేను చెప్పుదును. "అది సగమే. వెనుక వత్తుమని మాటయిచ్చిన నలుగురు తండ్రులను సైంధవుడు ద్వారముకడ నిలిపివేసెను. పిల్లవాడు వంటరియైనాడు. అది మిగిలిన సగము" అనెడివారు. ఏడుగురి నడుమ ఒక్కడు జొచ్చుట చూచినప్పుడెల్ల నాకు ఆ మాట జ్ఞప్తికి వచ్చును. కూతకు పోవువాడు వంటరిగానే పోవలెను. అది ఆట ధర్మము. కాని వెనుక ఆరుగురు సమర్థులున్నారను ధైర్యముతో పోవుట వేఱు, ఎవరును లేరని తెలిసి పోవుట వేఱు.

2024లో కృష్ణకుమార్ హుడా శిక్షకుడుగా వచ్చెను. ఇతడు మునుపు ఢిల్లీ జట్టును విజేతగా నిలిపినవాడు. ఆ ఋతువున పవన్ గాయపడి కొన్ని ఆటలకు దూరమైనప్పుడు, విజయ్ మాలిక్ అను నెమ్మదియైన ఆటగాడు పగ్గములు చేపట్టి గెలుపులు తెచ్చెను. 22లో 12 గెలిచి, ఏడవ స్థానమున నిలిచి, ఒక్క మెట్టు తక్కువై ఇంటికి వచ్చిరి. 2025లో పవన్ వేఱొక జట్టునకు పోయెను. విజయ్ మాలిక్ నాయకుడయ్యెను. భరత్ హుడా వచ్చి చేరెను. పట్టుపట్టువారిలో శుభమ్ షిండే, అంకిత్ మొదలగువారు కుదురుకొనిరి.

ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ జయంతియైన జాతీయ క్రీడాదినమున, విశాఖపట్టణమున మొదటి ఆట. తమిళ జట్టుచేత 38-35గా ఓడిరి. "మొదలు పెట్టినారమ్మా!" అని అత్తమ్మ జపమాల త్రిప్పుచునే అన్నది. కాని ఈసారి కథ వేఱైనది. 18 ఆటలలో 10 గెలిచి, 2016 తరువాత తొమ్మిదేండ్లకు మొదటిసారి పై పోటీలకు చేరిరి. అక్కడ బెంగళూరును దాటిరి. అక్టోబరు 28న, వరుసగా గెలుచుచు వచ్చిన పాట్నా జట్టును 46-39గా ఓడించిరి. ఇక ఒక్క మెట్టెక్కినచో చివరి పోటీయే. మఱునాడు ఢిల్లీలో పుణె జట్టుచేత 50-45గా ఓడిరి. చివరకు అక్టోబరు 31న ఢిల్లీ జట్టు పుణెను 31-28గా గెలిచి విజేతయైనది.

ఈ ఋతువును గూర్చి నా అభిప్రాయములు మూడు.

మొదటిది. 45 పాయింట్లు తెచ్చుకొనియు ఓడినచో తప్పు కూతలలో లేదు, పట్టులో నున్నది. 50 పాయింట్లు ఇచ్చివేసిన జట్టు, వంద తెచ్చి నూటపది వ్యయము చేయు సంసారమువంటిది. కూతగాండ్రను కొనుటకు చూపిన శ్రద్ధ పట్టుపట్టువారిని కుదుర్చుటలోను చూపినగాని ఆ చివరి మెట్టు ఎక్కజాలరు.

రెండవది. 2025 పోటీలు విశాఖ, జయపురము, చెన్నై, ఢిల్లీలలో మాత్రమే జరిగినవి. హైదరాబాదునకు ఒక్క ఆటయు రాలేదు. విశాఖయు మనదే, అసూయ లేదు. కాని గచ్చిబౌలి స్టేడియముండగా, తొమ్మిదేండ్లకు జట్టు లేచిన ఋతువున ఇచ్చటి బిడ్డలు దానిని కంటితో చూడలేకపోవుట న్యాయము కాదు. టీవీలో చూచుటకును, నేలపై చప్పుడు వినుటకును ఎంత భేదమో చెప్పితిని గదా.

మూడవది అందఱికంటె మనకు తగులు మాట. జట్టు పేరు తెలుగు. ముందు నిలిచి ఆడు ముఖ్యులు హర్యానా, మహారాష్ట్ర మొదలగు సీమలవారు. వారిని నేను పరాయివారనను. తెలుగుపేరు తొడిగికొని మనకొఱకు ఒళ్ళు విఱుచుకొన్నవారు మనవారే. కాని చెడుగుడు పుట్టిపెరిగిన మన పల్లెలనుండి ఆడువారేల కొఱతపడుచున్నారు? దీనికి యజమానులను తిట్టి లాభము లేదు. మా దిల్‌సుఖ్‌నగర్ వీధులలో సాయంకాలము అయిదు గంటలకు నిలిచి చూడుడు. వీపున పుస్తకముల మూటతో కోచింగు సెంటరునుండి కోచింగు సెంటరునకు పోవు పిల్లలే కనబడుదురు. కూగలిగిన గొంతులను మనమే ఇంటిలోనికి పిలిచి తలుపు వేసికొనుచున్నాము. ఆడపిల్లలయెడ ఆ తలుపు ఇంకను ముందుగా పడును.

ఈ మూడవ మాట వ్రాయుటకు నాకు అర్హత ఎక్కడిదని మీరడుగవచ్చును. లేదు. సెప్టెంబరు చివర ఒకనాటి రాత్రి ఆట చూచుచుండగా, వెలిని కూర్చున్నవాడొకడు మరల లోనికి వచ్చెను. అత్తమ్మ "వాడు ఇందాకనే చచ్చెను గదే, మరల వచ్చినాడేమి?" అని అడిగినది. "మనవాడు ఒకనిని తాకి వచ్చెను నానమ్మా, అందుచేత వీడు బ్రతికినాడు" అని పిల్ల చెప్పినది. కొంతసేపటికి టీవీ వంకనే చూచుచు, నవ్వుచు, "మా బడిజట్టులో నేను చచ్చి కూర్చున్నాను. నన్ను బ్రతికించువారే లేరు" అన్నది. నవ్వుచునే అన్నది గాని, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వైద్యుడు పొమ్మన్న పిల్లను ఆపినది కాలినొప్పి గాదు, మేము. అందులోను అందఱికంటె నేను.

మఱునాడు బియ్యమేరుచు అత్తమ్మకడ ఈ మాట ఎత్తితిని. ఆమె కోపగించునని తలచితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట తన చెల్లెలి కథ చెప్పినది. ఆ చెల్లెలు పదునాల్గవ ఏట బావికడ జారి కాలు విఱుగగొట్టుకొన్నదట. కట్టు సరిగా కుదురక ఆ కాలు పొట్టియైనది. ఎన్ని సంబంధములు గుమ్మమువఱకు వచ్చి తిరిగిపోయినవో ఆమె వ్రేళ్ళమీద లెక్కపెట్టి చెప్పినది. "నాకు ఆటమీద పగలేదమ్మా! ఆ గుమ్మము నాకు కనబడును" అన్నది. పదునైదేండ్లుగా ఒకే ఇంట నున్నాము. ఈ కథ నేనెన్నడును అడుగలేదు.

భయమునకు తర్కము మందు గాదు. కాని ఆమెకు నేను కొన్ని సంగతులు చెప్పితిని. 2016 జులై 31న మన గచ్చిబౌలిలోనే పురుషుల చివరి పోటీనాడే స్త్రీల కబడ్డీ పోటీ యొకటి ముగిసినదనియు, మూడు జట్లలో స్టార్మ్ క్వీన్స్ జట్టు ఫైర్ బర్డ్స్‌ను 24-23గా, ఒక్క పాయింటుతో గెలిచినదనియు చెప్పితిని. ఓడిన జట్టు నాయకురాలు మమతా పూజారి కర్ణాటకమున పల్లెటూరి పిల్ల. 2012లో పాట్నాలో జరిగిన ప్రపంచకప్పును గెలిచిన భారతజట్టునకు నాయకురాలు, అర్జున పురస్కారము పొందినది, మన దక్షిణమధ్య రైల్వేలో ఉద్యోగము చేసినది. "రైల్వేలోనా? సర్కారు ఉద్యోగమేనా?" అని అత్తమ్మ చేటను క్రిందపెట్టి అడిగినది. సోదరీమణులారా, అర్జున పురస్కారము చేయలేని పనిని రైల్వే ఉద్యోగము చేసినది!

ఆ పోటీ మరల రాలేదనియు చెప్పవలసి వచ్చినది. 2017 మొదలు 2025 వఱకు ప్రో కబడ్డీ ఋతువులు ఎన్ని జరిగినను వానితోడ స్త్రీల పోటీని జరుపలేదు. ఆడువారు లేరందుమా? 2025 నవంబరున ఢాకాలో మన స్త్రీల జట్టు ప్రపంచకప్పు చివరి పోటీలో చైనీస్ తైపీని 35-28గా గెలిచినది. ఆడువారున్నారు. బరి గీయువారు లేరు. ఈ లీగు నడుపువారికి నేను చెప్పదలచిన మాట ఇదియొక్కటే: మీ ఆటను మా ఇండ్లలో రాత్రివేళ టీవీముందు కూర్చుండి చూచువారిలో స్త్రీలును ఉన్నారు. వారి బిడ్డలకు చూపుటకు ఒక బరి గీయుడు.

అత్తమ్మ వెంటనే ఒప్పుకొనలేదు. షరతులు పెట్టినది. మైదానమునకు నేను వెంటపోవలెను. ఆటకు ముందు పావుగంట ఒళ్ళు కాక పట్టించుకొనక బరిలో అడుగు పెట్టరాదు. చీలమండకు పట్టీయు, మోకాళ్ళకు తొడుగులును ఉండవలెను. గోళ్ళు పెరుగనీయరాదు. నొప్పి దాచిపెట్టరాదు. కూతుండ్రను ఆటకు పంపు సోదరీమణులు ఈ షరతులను వ్రాసి పెట్టుకొనదగును. ఇవి ఏ శిక్షకుడైనను చెప్పునవే. చదువుకొనని ముసలిది తన భయములోనుండి తీసి చెప్పినది.

దీపావళి సెలవుల పిమ్మట పిల్ల మరల మైదానమునకు పోయినది. మొదటి ఆటలో వారి జట్టు ఓడినది. ఎంత తేడాతో ననగా, పక్కింటి పిల్లవాడు కూడ అడుగుటకు సిగ్గుపడునంత తేడాతో. నేను మైదానపు అంచున రాతిపై కూర్చుండి చూచితిని. మా పిల్ల మూడుసార్లు వెలికి పోయినది, రెండుసార్లు తోడిపిల్లలు దానిని లోనికి తెచ్చిరి. మూడవసారి వెలిని కూర్చుండగనే గంట మ్రోగినది. ఇంటికి నడచివచ్చుచు అది ఓటమిని గూర్చి ఒక్క మాటయు అనలేదు. "అమ్మా, రెండవసారి నన్ను బ్రతికించిన పిల్లకు ఇంతవఱకు నాతో మాటలు లేవు తెలుసునా?" అన్నది.

గుమ్మములో అత్తమ్మ ఎదురుచూచుచుండెను. గెలిచితిరా యని అడుగలేదు. వంగి పిల్ల చీలమండ తాకి చూచి, "లోనికి రా, అన్నము చల్లారిపోవుచున్నది" అన్నది.

తెలుగు టైటాన్స్ మరల బరిలో దిగునాటికి మా ఇంట చూచువారు నలుగురము. ఏ ఇంటనైనను వెలిని కూర్చున్న పిల్ల ఉన్నచో, ఆ పిల్లను లోనికి పిలుచు కూత మీరే కూయుడు. తల్లికి అంతకంటె దగ్గఱి తోడు మఱియొకరు లేరు.